గోడకేసి తిప్పిన తెర

పోయిన వారం కథ నా అరచేతుల దగ్గర ఆగింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

పిడుగు మోకాళ్ళ మీద నిలబడి, ఒళ్ళు కర్రలా బిగించి, నెమ్మదిగా ముందుకు ఒరుగుతోంది. రోజూ దాని చీలమండలు నేలకు అదిమి పట్టుకునే కెప్టెన్ బుధవారం సాయంత్రం ఆలస్యం చేయడంతో ఆ పని నేనే చేశాను. ఈ వ్యాయామానికి పుస్తకాల్లో ఏదో పెద్ద పేరుంది గానీ మా జట్టు పిల్లలు దీన్ని బోర్లాపాటు అంటారు. ఎంతసేపు ఆగగలిగితే అంతసేపు ఆగి, ఇక చేతకానప్పుడు చేతులు ఆనించి బోర్లా పడటమే ఇందులో పనంతా. పడకుండా పట్టి ఉంచేది తొడ వెనక కండ. అది నిజంగా పనిచేస్తుంటే మడమలు రెండూ పట్టుకున్నవాళ్ళ చేతుల్ని పైకి తోసేస్తాయి. పిడుగు కుడి మడమ నా చేతిని ఎత్తి పారేస్తోంది. ఎడమ మడమ మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు నా చేతి కింద ఊరికే కూర్చుంది.

అంతకు ముందు రోజే మా మిషన్ ఆ రెండు కాళ్ళూ సమానమని పచ్చగుర్తు ఇచ్చింది. మిషన్‌కి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. నా చేతులకీ లేదు. ఇక మిగిలింది మా అక్క కూతురు.

అవును, పిడుగు మా అక్క కూతురే. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని మా అక్క కోపం వచ్చినప్పుడు మాత్రమే వాడుతుంది. ఈ క్లబ్బు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో మైదానం అంచు వెంబడి దానంత వేగంగా పరిగెత్తేవాళ్ళు లేరు. నేను ఆ జట్టు కాళ్ళ బలం చూసే ట్రైనర్ని. గదిలో ఉన్నంతసేపు నన్ను మేడమ్ అనాలి, గడప దాటాక పిన్ని అనొచ్చు, అదీ మా ఒప్పందం. రెండు సీజన్లలో రెండుసార్లు దాని ఎడమ తొడ వెనక కండ చిరిగింది. మూడోసారి చిరిగితే ఆట సంగతి మరిచిపొమ్మని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆదివారం ఫైనల్. దేశం జట్టుకి మనుషుల్ని ఏరేవాళ్ళు ఆ రోజు గ్యాలరీలో కూర్చుంటారు. పిడుగు ఆడొచ్చా లేదా అన్నది గురువారం సాయంత్రానికల్లా నేను చెప్పాలి.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నం.

మా గది గ్యాలరీ మెట్ల కింద ఉంటుంది. అందుకే కప్పు ఒకవైపు ఏటవాలుగా దిగిపోయి, పొడుగు పిల్లలు మూలకి వెళ్ళినప్పుడల్లా నెత్తి కొట్టుకుంటారు. గది సగం నేల లోపలికి ఉండటంతో ఉన్న ఒక్క కిటికీ సరిగ్గా మైదానం మట్టానికి వస్తుంది. అందులోంచి చూస్తే కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. చూసి చూసి నాకు జట్టులో ప్రతి ఒక్కరినీ మోకాలి కింద నుంచి గుర్తుపట్టడం అలవాటైపోయింది. ఆ మధ్యాహ్నం బయట కోచ్ గారి ఈల మోగుతోంది. కాళ్ళు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

పిడుగు బూట్లు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది.

"పిలిచారట మేడమ్."

"కూర్చో," అన్నాను మిషన్ చూపించి.

"మొన్నేగా చేశాం."

"మొన్న అన్నం తిన్నావని ఇవాళ మానేశావా?"

"అది కాదు. పచ్చగుర్తు వచ్చేసిందిగా, మళ్ళీ ఎందుకని."

"ఇంకోటి వస్తే బరువా? కూర్చో."

అది నవ్వుతూనే కూర్చుంది. మిషన్ అంటే భయపడే వస్తువేమీ కాదు. ఎత్తు కుర్చీ, నడుముకో బెల్టు, తొడకో బెల్టు, చీలమండ వెనక ఒక మెత్తటి దిండు. మోకాలు మడుస్తూ ఆ దిండుని వెనక్కి నొక్కాలి. ఎంత బలంగా నొక్కితే ఎదురుగా ఉన్న తెర మీద గీత అంత ఎత్తు లేస్తుంది. ముందు దెబ్బ తిన్న కాలు, తరువాత మంచి కాలు. రెండు గీతలకీ మధ్య పదోవంతుకు మించి తేడా లేకపోతే పచ్చగుర్తు పడుతుంది. పచ్చగుర్తు పడినవాళ్ళే మ్యాచ్‌కి వెళ్తారు. గీత కళ్ళ ముందు కనపడుతుంటే పిల్లలకి పట్టుదల వస్తుందని తెరని కుర్చీకి ఎదురుగా పెట్టించాను. పట్టుదల బాగానే వచ్చింది, నేను అనుకున్న విషయంలో కాదు.

బెల్టులు బిగించాక తెర వెనక్కి వెళ్ళి, దాన్ని గోడకేసి తిప్పాను. నేను గోడ పక్కన ఇరుక్కుని నిలబడితే నాకు కనపడుతుంది, దానికి కనపడదు.

పిడుగు నవ్వు ఆగిపోయింది.

"తెర ఎందుకు తిప్పారు?"

"నొక్కేది కాలితో కదా. కళ్ళకి పనేముంది?"

"చూస్తూ నొక్కితే బాగా వస్తుంది మేడమ్."

"ఈసారి చూడకుండా ఎంత వస్తుందో చూద్దాం. ఎడమకాలు కానియ్."

కానిచ్చింది. మొహం కందిపోయేదాకా నొక్కింది. ఎడమకాలి విషయంలో అది ఎప్పుడూ మోసం చేయలేదని నాకు అప్పుడే అర్థమైంది. గీత మొన్న ఎంత లేచిందో ఇవాళా అంతే లేచింది. బెల్టు మార్చి కుడికాలు కట్టాను. ఈసారి అది వెంటనే నొక్కలేదు. కాలు దిండుకి ఆనించి, కొంచెం నొక్కి, ఆగి, నా మొహంకేసి చూసింది. ఇంకాస్త నొక్కి మళ్ళీ చూసింది. నా మొహం మీద ఏ గీతా లేవదు కదా, పాపం దానికేం తెలుస్తుంది.

"అయిపోయింది," అంది.

"ఇంతేనా?"

"ఇంతే."

తెరని దానివైపు తిప్పాను. ఎడమ గీత పక్కన కుడి గీత పొట్టిగా, సగానికి కాస్త పైన ఆగిపోయి ఉంది.

"రెండుసార్లు చిరిగిన కాలు బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. "దెబ్బంటే ఏంటో తెలియని కాలు చచ్చుబడిపోయింది. రెండు మూడు రోజుల్లో నీ కుడికాలికి పక్షవాతం గానీ వచ్చిందా తల్లీ?"

అది గొంతు సవరించుకుంది.

"మిషన్ పాడైనట్టుంది."

"మిషన్ బాగానే ఉంది. దాని మీద కూర్చున్నదే పాడైపోయింది."

నాకు కోపం వస్తే మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి, మా అమ్మ పోలిక. అది చేసిన పనంతా దానికే అప్పజెప్పాను. ముందు ఎడమకాలు ప్రాణం పెట్టి నొక్కేది. తెర మీద గీత ఎక్కడ ఆగిందో చూసుకునేది. తరువాత కుడికాలిని సరిగ్గా అక్కడిదాకా తీసుకొచ్చి ఆపేసేది. ఎడమకాలు పెరగలేదు, కుడికాలే వంగి దాని ఎత్తుకి వచ్చింది. నేనేమో కుడికాలు కూడా కొంచెం తగ్గిందిలే, ఇన్నాళ్ళు ఆడలేదుగా అని సరిపెట్టుకున్నాను. ఇవాళ గీత కనపడకపోయేసరికి ఎక్కడ ఆపాలో తెలియక మరీ ముందే ఆపేసింది.

"ఇప్పుడు నా మీద కోపమొస్తోందా?" అని అడిగాను.

"వస్తోంది."

"అదంతా కుడికాలిలో పెట్టి ఒక్కసారి నొక్కు."

నొక్కింది. కుర్చీ కిర్రుమంది. గీత ఎడమ గీతని దాటి, ఇంకా చాలా పైకి పోయి నిలబడింది. నాలుగోవంతు కంటే ఎక్కువ తేడా.

"ఒక్క ఆదివారం పిన్నీ," అంది అది. గదిలో పిన్ని అనకూడదన్న సంగతి దానికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. "తొంభై నిమిషాలు. ఆ తరువాత నువ్వు నిలబడమంటే నిలబడతా, కూర్చోమంటే కూర్చుంటా."

"ఎన్నో నిమిషంలో చిరుగుతుందో చెప్పు. అప్పటిదాకా ఆడిస్తాను."

"చిరగదు."

"ఎవరు చెప్పారు?"

"నాకు తెలుస్తుంది."

"పోయినసారి తెలిసిందా? అంతకు ముందుసారి?"

అది బెల్టు కొస పట్టుకుని లాగుతూ కూర్చుంది. నేను దాని ముందు నేల మీద చతికిలబడ్డాను. ఇది వందసార్లు చెప్పిన మాటే, అయినా మళ్ళీ చెప్పాను. పరుగులో తొడ ముందు కండ కాలిని ముందుకి విసురుతుంది, వెనక కండ దాన్ని ఆపుతుంది. ముందుది ఇంజను, వెనకది బ్రేకు. నీ కుడి బ్రేకు కొత్తది, ఎడమ బ్రేకు అరిగిపోయింది. రెండు కాళ్ళూ కలిసి నిన్ను ఒకే వేగంతో తీసుకుపోతాయి కానీ ఆపేటప్పుడు ఎవరి కష్టం వాళ్ళదే. ఆదివారం ఆ ఏరేవాళ్ళ ముందు నువ్వు మామూలు కంటే గట్టిగా పరిగెడతావు. అప్పుడు ఆ ఎడమ కండ ఏం చేస్తుంది?

"ఆరు వారాలివ్వు నాకు," అన్నాను. "బోర్లాపాటు, ఒంటికాలి మీద లేవడం, బరువుతో వంగి లేవడం, అన్నీ ఎడమకాలికి ఒక పాలు ఎక్కువ. ఆ తేడా నేను తీసేస్తాను."

"ఆరు వారాల తరువాత వాళ్ళు వస్తారా?"

"రారు."

"మరి?"

పిడుగు కిటికీ వైపు చూసింది.

"నీకు తెలుసా పిన్నీ, ఏడాదిన్నరగా నేను ఆ జట్టుని మోకాళ్ళ దాకానే చూశా. గోల్ పడితే అందరూ కౌగిలించుకుంటారు కదా. నాకు ఇక్కణ్ణుంచి ఎగురుతున్న బూట్లు కనిపించేవి. వాళ్ళతో పాటు నవ్వాలో వద్దో తెలిసేది కాదు."

నాకు ఏడుపొచ్చింది. దానితో పాటు కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను కోపాన్నే బయటికి పంపిస్తాను.

"అందుకని నాకు టోపీ పెడతావా? మీ అమ్మ నిన్ను నా చేతుల్లో పెట్టింది ఇందుకేనా? ఈ తెలివి నీకు ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. నాకే తట్టింది."

"ఇంకెవరికైనా తెలుసా?"

అది తల వంచుకుంది. అది తల వంచుకోవడం నేను చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చూశానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మళ్ళీ అడగబోతున్నాను.

బయట ఈల మోగింది. ఆట ఆపే ఈల కాదు, కంగారు ఈల. కిటికీలో కాళ్ళన్నీ ఒకేవైపు పరిగెత్తాయి. వాటి మధ్యలో పిక్క మీద పాత కుట్లున్న ఒక కాలు మడతపడి ఉంది. ఆ కిటికీలో నేను మొట్టమొదటిసారి ఒక మొహం చూశాను. కెప్టెన్ మొహం. చెంప గడ్డికి ఆనించి పడి ఉంది. ఒక చెయ్యి వెనక్కి పోయి తొడని పట్టుకుని ఉంది.

"పిన్నీ," అంది పిడుగు. దాని గొంతు నాకు గుర్తుపట్టలేనంత చిన్నగా వచ్చింది. "రోజూ నా మడమలు పట్టుకునేది తనే కదా. తనకి తెలిసిపోయింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలా. చెప్పలేదు. కానీ ఎలా చేస్తున్నావని అడిగింది. తనకి కుడి తొడ పోయిన నెల నుంచీ లాగుతోందట. నేనే నేర్పా."

మంచు సంచి తీసుకుని మెట్లెక్కి మైదానంలోకి పరిగెత్తాను. వెనకాలే బెల్టులు విప్పుకుంటున్న చప్పుడు వినపడింది.

కెప్టెన్ చుట్టూ పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళని జరిపి, తనని బోర్లా సర్ది, తొడ మీద చెయ్యి వేశాను. చెయ్యి వేయగానే తెలిసిపోయింది. కండ మధ్యలో వేలు దిగేంత గుంట ఉంది. కెప్టెన్ ఏడవలేదు. ఈ క్లబ్బులో అందరికంటే పెద్దది తను, ఏడ్చే అలవాటు లేదు. నా మణికట్టు పట్టుకుని పళ్ళు బిగించింది. తన చూపు మాత్రం నా భుజం మీదుగా వెనక్కి పోతోంది. వెనక పిడుగు చెప్పులు లేని కాళ్ళతో నిలబడి ఉంది.

కోచ్ గారు నా పక్కన వంగారు. పెద్ద మనిషి, పెద్ద పొట్ట, ఎప్పుడూ మెడలో ఈల. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన దేనికైనా తొందరపడతారు, అంతే.

"ఆదివారానికి లేస్తుందా మేడమ్?"

"ఈ ఆదివారమా? ఈ సీజన్‌కే లేవదు. అంబులెన్స్ పిలవండి."

"పిలిచా. వస్తోంది." ఆయన లేచి చుట్టూ చూశారు. పిడుగు కనపడగానే మొహం కొంచెం తేరుకుంది. "పిడుగూ, ఇక నువ్వు మొదటి నిమిషం నుంచీ ఆడాలి. మేడమ్, దీనికి పచ్చగుర్తు ఉందిగా. సరేనని ఒక్క మాట అనండి, నేను పేర్లు పంపించేస్తా."

జట్టంతా నా మొహంకేసి చూసింది. నేను నోరు తెరిచాను. చెప్పాల్సింది నాకు తెలుసు. కానీ దాని మొహం చూసి చెప్పాలంటే ఒక్క క్షణం కావాల్సి వచ్చింది, ఆ క్షణంలో అది నాకంటే ముందు మాట్లాడింది.

"నాకు పచ్చగుర్తు లేదు సార్."

"లేకపోవడమేంటి? మొన్నేగా వచ్చింది."

"అది నిజం కాదు. కుడికాలు కావాలని ఆపి నొక్కా. ఇప్పుడే పిన్ని తెర గోడకేసి తిప్పి చేయించింది. నాలుగోవంతు పైనే తేడా ఉంది." అది ఊపిరి తీసుకుంది. "కెప్టెన్ అక్కకి కూడా నేనే నేర్పా."

కెప్టెన్ కళ్ళు మూసుకుంది. కోచ్ గారు ఈల చేతిలోకి తీసుకుని, దానివైపు చూసి, మళ్ళీ వదిలేశారు. నేను పిడుగుని చూస్తూ ఉండిపోయాను. గర్వంగా ఉంది అని చెప్పడానికి అది సమయం కాదు, కానీ గర్వంగానే ఉంది.

"మీ ఇద్దరేనా?" అన్నారు ఆయన.

పిడుగు తరఫున జట్టు జవాబు చెప్పింది. ముందు ఒకమ్మాయి బూటు ముక్కుతో గడ్డిని గీకడం మొదలుపెట్టింది. దాని పక్కది తల పక్కకి తిప్పుకుంది. వెనక వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. మా గది గోడ మీద వరసగా అంటించుకున్న పచ్చగుర్తు కాగితాలన్నీ నా కళ్ళ ముందు ఆడాయి. ఎంత మురిసిపోయానో వాటిని చూసి.

"అందరూ చేశారా?" అన్నాను.

"అందరం కాదు మేడమ్," అంది గోల్‌కీపర్, చేతి తొడుగులు తీసేస్తూ. జట్టులో అందరికంటే పొడుగైనది, మా గదిలో ఎక్కువసార్లు నెత్తి కొట్టుకున్నది ఆ అమ్మాయే. "ఎవరు చేశారో, ఎవరు చేయలేదో ఒకరికొకరం చెప్పుకోలేదు."

అంబులెన్స్ వచ్చింది. కెప్టెన్‌ని ఎక్కిస్తుంటే పిడుగు స్ట్రెచర్ పక్కనే నడిచింది. తలుపు వేసే ముందు కెప్టెన్ దాని చెవి పట్టుకుని దగ్గరికి లాగి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. పిడుగు తల ఊపింది, ముక్కు తుడుచుకుంది, నేరుగా మా గది మెట్లు దిగిపోయింది.

"అందరూ కిందికి రండి," అన్నాను జట్టుతో. "తెర మళ్ళీ గోడకేసి తిప్పుతాను."

కోచ్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"మేడమ్, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆదివారానికి పదకొండు మంది మిగలకపోతే?"

"ఎంతమంది మిగిలితే అంతమంది గురించి అప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పుడు చూడకపోతే ఎవరు నిలబడతారో, ఎవరు పడిపోతారో మైదానంలోనే తెలుస్తుంది. అప్పుడు మీరు ఈల ఊది ప్రయోజనం లేదు."

"ఏరేవాళ్ళు వస్తున్నారండీ. ఊరంతా టిక్కెట్లు కొన్నారు."

"ఇందాక ఆ గుంటలో నా వేలు పట్టింది సార్. ఇంకో పిల్ల తొడలో నేను వేలు పెట్టను."

ఆయన నా వెనకే మెట్లు దిగారు. ఏటవాలు కప్పు కింద తల వంచుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ చూశారు. ఆయన ఈ గదిలోకి రావడం అరుదు.

పిడుగు అప్పటికే చాప మీద మోకాళ్ళ మీద నిలబడి ఉంది. వీపు మాకేసి ఉంది.

"నా మడమలు ఎవరైనా పట్టుకోండి," అంది వెనక్కి తిరగకుండా. "రోజూ పట్టుకునేవాళ్ళు ఇవాళ లేరు."

నేను అటు వెళ్ళబోతుంటే కోచ్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. పొట్ట పట్టుకుని, మూలుగుతూ, ఒక మోకాలు తరువాత ఒక మోకాలు నేలకి ఆనించి దాని వెనక కూర్చున్నారు. రెండు చీలమండలూ రెండు చేతులతో పట్టుకున్నారు. పిడుగు ఒళ్ళు బిగించి ముందుకు ఒరగడం మొదలుపెట్టింది. ఆయన మొహంలో తొందర మెల్లగా తగ్గిపోవడం నేను చూశాను. ముందు ఆయన కుడి చెయ్యి వంక చూసుకున్నారు, తరువాత ఎడమ చెయ్యి వంక. ఆ తరువాత నా వంక.

"ఎడమ మడమ అసలు లేవట్లేదు మేడమ్," అన్నారు.

చేతులు చాప మీద ఆనించి బోర్లా పడింది పిడుగు. వెంటనే లేచి మళ్ళీ మోకాళ్ళ మీదకి వచ్చింది.

"లేస్తుంది," అంది. "వదలకండి సార్. మళ్ళీ చేస్తా."

కుర్చీలో గోల్‌కీపర్ కూర్చుని తనంతట తనే బెల్టు బిగించుకుంది. తన వెనక గుమ్మం దాకా, గుమ్మం దాటి మెట్ల పైదాకా పిల్లలు నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నేను గోడ పక్కకి వెళ్ళి, తెరని మళ్ళీ గోడకేసి తిప్పి దాని ముందు ఇరుక్కున్నాను.

"నిజంగా నొక్కు," అన్నాను.

"నొక్కుతా మేడమ్."

ఎడమ గీత లేచింది. బెల్టు మార్చుకుంది. కుడి గీత లేచింది. నేను వాటిని ఒకసారి చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. చాప మీద పిడుగు మళ్ళీ బోర్లా పడిన చప్పుడు వినిపించింది.

"కోచ్ గారూ," అన్నాను, "ఆ మడమలు ఎవరికైనా అప్పగించి మీరు ఒకసారి ఇటు రండి." ఆ గీతల సంగతి వచ్చే వారం చెబుతాను.